చెబితే ఏమీ అనం

లోపల నవ్వుతున్నారు. తలుపు మూసే ఉంది, చల్లగాలి పోకుండా సందుల్లో పట్టీలు కూడా అతికించారు, అయినా కంపెనీ ఎండీ నవ్వు బయటికి వస్తూనే ఉంది. అది ఆయన రోజూ నవ్వే నవ్వు కాదు, ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ కోసం ప్రత్యేకంగా బయటికి తీసింది, చుట్టాలొచ్చినప్పుడు అలమారలోంచి దించే కప్పుల్లాగ. ఆ కప్పుల్లో టీ కూడా వెళ్ళింది ఇందాక, బిస్కెట్లతో సహా. నవ్వండి, బాగా నవ్వండి, అనుకుంది ఆమె కారిడార్లో బల్ల మీద కూర్చుని. ఒక మనిషి నోటి దగ్గర కూడు లాగేసే ముందు బిస్కెట్లు నమలడం మీకే చెల్లింది. ఆమె ఒళ్ళో ఒక కాగితం ఉంది. అడుగున ఖాళీ జాగా, దాని పక్కన అచ్చులో 'సేఫ్టీ మేనేజర్'. అంటే ఆమె. పైన రెండే రెండు ముక్కలు: జరిగినదానికి మూలకారణం, మెకానిక్ వ్యక్తిగత నిర్లక్ష్యం; తీసుకున్న చర్య, ఉద్యోగం నుంచి తొలగింపు, లైసెన్సు రద్దుకు సిఫార్సు. దాని మీద సంతకం పెట్టి, పిలిచినప్పుడు లోపలికి తీసుకురావాలట. ఇన్‌స్పెక్టర్ గారు దాన్ని ఫైల్లో పెట్టుకుని, అంతా సవ్యంగా ఉందని రాసి, సాయంత్రం విమానానికి వెళ్ళిపోతారట. ఆ విమానం చక్రాలకీ రెక్కలకీ పని చేసేది కూడా ఈ రిపేరు షెడ్డువాళ్ళేనని ఆయనకి గుర్తుందో లేదో.

ఆ మెకానిక్ అదే బల్లకి రెండో చివర కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు పాపం, సంబంధం మాట్లాడ్డానికి వచ్చినవాడిలాగ. ఉద్యోగం పోయిందన్న ఉత్తరం అందుకోడానికి ఇస్త్రీ ఎందుకయ్యా, అని అడగబోయి ఆమె చూపు తిప్పుకుంది. ఆయన్ని ఆమె నీలం యూనిఫాంలో తప్ప చూడలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు, వాటి మధ్య ఫోను బోర్లా పడుంది. షెడ్డులో ఆయన్ని పేరు పెట్టి ఎవరూ పిలవరు, 'ఇంకోసారి బాబాయ్' అంటారు. ఏ పని ముగించినా "ఇంకోసారి చూద్దాం" అంటాడు కనక. ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి తాళం లాగి చూస్తాడని, పెళ్ళిచూపుల్లో కూడా పిల్లని ఇంకోసారి చూస్తానని పట్టుబట్టాడని, ఆయన మీద బోలెడు కథలు. అన్నిటికీ ఆయనే ముందు నవ్వేవాడు. ఇప్పుడు నవ్వట్లేదు. గుమ్మం కేసి చూస్తున్నాడు, అంతే.

ఆ రోజు ఏం జరిగిందో ఆమెని నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతుంది. రెండు ఇంజన్ల విమానం, రెండిటికీ ఆయిల్ ఫిల్టర్లు మార్చాలి. రెండు ఇంజన్లకీ ఒకే పని ఒకే మనిషి చెయ్యకూడదు, అది రూలు, ఎవరో ఊసుపోక రాసింది కాదు. ఒక చెయ్యి ఒకవైపు తప్పు చేస్తే రెండోవైపూ అదే తప్పు చేస్తుంది. ఒక ఇంజను ఆగితే ఇంకోటి మోస్తుంది, రెండూ ఆగితే ఇక మోసేది నలుగురే. అందుకే ఇద్దర్ని వేశారు. సగం పనిలో సూపర్‌వైజర్ వచ్చి రెండోవాణ్ణి ఇంకో విమానం దగ్గరికి లాక్కుపోయాడు, అక్కడ తలుపు సరిగ్గా పడట్లేదట, ఎండీ స్వయంగా ఫోన్లో అరుస్తున్నాడట. "నువ్వే కానిచ్చెయ్ బాబాయ్, నీకు ఒకళ్ళు చెప్పాలా" అన్నాడు. బాబాయ్ ఫిల్టరు మూతలకి వేసే కొత్త రబ్బరు రింగులు రెండూ స్టోరు నుంచి తెచ్చి జేబులో వేసుకున్నాడు. పాత రింగు పీకాడు, మూత తుడిచాడు, జేబులో చెయ్యి పెట్టబోతుంటే నిచ్చెన పట్టుకోమని కేకేశారు. వెళ్ళి పట్టుకున్నాడు. తిరిగొచ్చేసరికి మూత తుడిచి శుభ్రంగా ఉంది, చూసిన కంటికి మిగిలింది బిగించడమే. బిగించాడు. రెండో ఇంజను దగ్గర కూడా చెయ్యి తన పాటికి తాను అలాగే ముగించింది. రింగంటే ఎంత, చిన్నపిల్ల గాజంత. అది లేకపోతే ఆయిలంతా దారిలోనే కారిపోతుంది. బిగించాక ఇంజన్లు కాసేపు నడిపి ఎక్కడైనా కారుతోందేమో చూడాలి, టైము లేదని సూపర్‌వైజర్ ఆ పని కాస్తా ఎగరగొట్టాడు.

ఇంకా ఒక అడ్డు ఉంది, చివరి అడ్డు. లైసెన్సున్న మరో మనిషి వచ్చి, ఆ పనిని తన కళ్ళతో విడిగా చూసి, రెండో సంతకం పెట్టాలి. పెట్టినవాడు విమానం దగ్గరికే పోలేదు. "బాబాయ్ చేశాక నేను మళ్ళీ మూత విప్పించి చూస్తే ఏం బావుంటుంది మేడం? పెద్దాయన్ని అనుమానించినట్టుంటుంది" అన్నాడు తరవాత, తల గోక్కుంటూ. అబద్ధం కాదు, షెడ్డులో అందరికీ ఉన్న జబ్బే అది. కొత్తగా చేరినవాడి పనిని భూతద్దం పెట్టి వెతుకుతారు, జాగ్రత్తపరుడి పనికి దూరం నుంచే దండం పెట్టి సంతకం గీకుతారు. అందరి పనీ ఇంకోసారి చూసేవాడి పనిని ఒక్కసారి చూసే దిక్కు లేకపోయింది. ఆమె క్లాసుల్లో ఇదే చెబుతుంది. మనిషి తప్పు ఎందుకు చేస్తాడో చెప్పే పుస్తకం ఎక్కడో పైదేశంలో రాసింది, అందులో నిద్ర చాలకపోవడం ఉంది, ఆకలి ఉంది, తొందర ఉంది, పైవాళ్ళ ఒత్తిడి ఉంది. మొహమాటం లేదు. ఆమే బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది, మన దగ్గర విమానాల్ని కూల్చేది ఇదే, తుప్పు కాదు, అంది. అందరూ ఘొల్లున నవ్వారు, నవ్వి, ఒకరి మొహాలు ఒకరు చూసుకుని చప్పున ఊరుకున్నారు. రెండో సంతకంవాడు కూడా ముందు వరసలోనే కూర్చున్నాడు ఆ రోజు, వెధవ, తలూపుతూ.

బాబాయ్ ఇంటికెళ్ళి స్నానం చేస్తుంటే భార్య బట్టలు నానబెట్టబోతూ జేబులు తడిమింది. "ఇవేంటండీ, ప్యాకెట్లు విప్పనే లేదు" అని తలుపు సందులోంచి చూపించింది. ఆయన తడి ఒంటి మీద తువ్వాలుతోనే ఫోను అందుకున్నాడు. విమానం అప్పటికే జనాన్ని ఎక్కించుకుని కదిలింది, రన్‌వే వైపు దొర్లుతోంది. "ఆపండి, ఆపండి, ఆపండి." ఫోనెత్తినవాళ్ళకి ఆ ఒక్క ముక్కే వినిపించిందట. ఆపారు, వెనక్కి తిప్పారు, మూతలు విప్పారు, రెండిట్లోనూ రింగు లేదు. జనం తిట్టుకుంటూ దిగారు, పెళ్ళికి వేళ మించిపోతోందని ఒకాయన, పిల్లకి పాలు అయిపోయాయని ఒకామె. ఆ తిట్లన్నీ ఎండీ చెవిన పడ్డాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపించాలిగా, ఆయనకి దుత్త దొరికింది. ఆ పిల్ల ఇవాళ ఎక్కడో పాలు తాగుతోంది, దోగాడుతోంది, అది ఎవరికీ అక్కర్లేదు. ఆలస్యమొక్కటే కనబడింది వీళ్ళ కళ్ళకి.

"జరిగిందంతా రాయి బాబాయ్" అంది ఆమె ఆ తరవాత. ఆయన వెనకాడాడు. "ఆపించాను కదమ్మా, మళ్ళీ రాయడం ఎందుకు?" అన్నాడు. ఆయన ఊరుకుంటే ఏదో అనుమానం వచ్చి ఆపామని పైపైన సర్దేసుకునేవాళ్ళు, ఆ విద్యలో ఈ ఆఫీసు ఆరితేరింది. కానీ రెండోవాణ్ణి ఎవరు లాక్కుపోయారో, నడిపి చూడ్డం ఎవరు వద్దన్నారో, ఎండీ ఫోన్లో ఎందుకు అరిచాడో రాయకపోతే రేపు ఇంకొకరి జేబులో రింగులు మిగులుతాయి, వాళ్ళావిడ జేబులు తడమదు. రాసినవాళ్ళ పేరు బయటికి పొక్కదు, రాసినందుకు శిక్ష లేదు, ఇది కంపెనీ ఇచ్చిన మాట, ప్రభుత్వం పెట్టిన రూలు, పైగా నాదీ పూచీ, అంది. ఎదురుగోడ మీద పోస్టరు చూపించింది. ఇదిగో, ఇప్పటికీ ఉంది, 'చెప్పండి, చెబితే ఏమీ అనం'. దాని పక్కన నిలబడి ఎండీ బొటనవేలు పైకెత్తి ఫోటో దిగాడు, ఆ ఫోటో కింద పూలకుండీ కూడా పెట్టించాడు. బాబాయ్ రాశాడు, గుండ్రటి అక్షరాలతో పేజీల కొద్దీ రాసి, ఇంకోసారి చదువుకుని, దిద్దుకుని ఇచ్చాడు. ఆ పేజీలే క్రమశిక్షణ ఫైల్లో తేలాయి. 'తన తప్పును స్వయంగా లిఖితపూర్వకంగా అంగీకరించాడు' అని ఒక్క వాక్యం ఎత్తి రాసుకున్నారు. ఎండీ ఫోను సంగతి ఉన్న పేజీని ఎలకలు తిన్నాయి కాబోలు, ఫైల్లో లేదు. ఆ మనిషికి వ్యతిరేకంగా ప్రపంచంలో ఉన్న ఒకే ఒక్క సాక్షి ఆ మనిషే, ఆ సాక్ష్యం చెప్పమని బతిమాలింది తను. ఛీ, అనుకుంది ఆమె. ఎవర్ని అనుకుందో ఆమెకే తెలీలేదు, ఈ గోడల్నీ, తలుపునీ, ఆ పూలకుండీని కూడా అనుకుంది.

"రిపోర్టు రాసినందుకు కాదమ్మా, తప్పు చేసినందుకు" అన్నాడు ఎండీ మొన్న, ఎంతో ఓర్పుగా, పసిపిల్లకి లెక్క చెబుతున్నట్టు. ఆ మాట ఆమె చిన్నప్పుడే వింది. నాన్న రేడియో ముక్కలై నేల మీద పడి ఉంది, నాన్న మంచం మీద కూర్చుని తమ్ముణ్ణి దగ్గరికి పిలిచాడు. "నిజం చెప్పు నాన్నా, చెబితే ఏమీ అనను." వాడు నమ్మాడు. వాడి కళ్ళలో ఆ నమ్మకం ఆమెకి ఇప్పటికీ కనబడుతుంది, బంతి తగిలిందని చెప్పేశాడు, చెప్పి, తేలికైపోయి, కొంచెం నవ్వాడు కూడా. బెల్టు దెబ్బలు పడుతుంటే "ఏమీ అనన్నావుగా" అని ఏడ్చాడు. "నిజం చెప్పినందుకు కాదురా, పగలగొట్టినందుకు" అన్నాడు నాన్న. తరవాతి వేసవిలో వాడు గోడ మీంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు, ఎవరికీ చెప్పలేదు, ఎండలు మండిపోతుంటే పొడుగు చేతుల చొక్కా వేసుకుని తిరిగాడు, అన్నం ఎడం చేత్తో తింటే అల్లరి అనుకున్నారు. జ్వరం వచ్చి పడిపోయాక అమ్మ చొక్కా విప్పి చూసి గుండెలు బాదుకుంది. ఎందుకు చెప్పలేదురా అంటే నాన్న వైపు ఒక్క చూపు చూశాడు, అంతే. ఇప్పటికీ వాడి చెయ్యి భుజం పైకి లేవదు. బస్సులో పై కమ్మీ పట్టుకోలేడు.

అదే పొడుగు చేతుల చొక్కా ఇప్పుడు షెడ్డంతా వేసుకుని తిరుగుతోంది. బాబాయ్‌ని పక్కన పెట్టిన రోజు నుంచి ఒక్క రిపోర్టు రాలేదు. అంతకుముందు వచ్చేవి, స్పానరు దొరకలేదని, దీపాలు చాలట్లేదని, కళ్ళు మూతలు పడుతుంటే బోల్టు బిగించానని, ఆమె ఒక్కొక్కటీ చదివి సంతోషపడేది, జ్వరం బయటపడుతోంది కదా అని. ఆగిపోయాయి. ఎండీ క్యాంటీన్లో బోర్డు పెట్టించాడు, 'ఈ నెల పొరపాట్లు: సున్నా', కేకు కోయించాడు. ఇంతమంది మనుషులు, ఇన్ని వేల బోల్టులు, ఒక్క పొరపాటు లేదు! దేవుళ్ళు దిగొచ్చి స్పానర్లు పట్టుకున్నారా? షిఫ్టు పట్టీలో కాగితం మీద మనుషులు నిండుగానే ఉంటారు, వాళ్ళలో ఒకాయన సెలవులో, ఒకామె కాన్పుకి, ఒకడు ఉద్యోగం మానేసి ఏ కాలమైందో. కేకు ముక్క ఆమె చేతిలో కూడా పెట్టారు. మింగలేక కక్కలేక చేతిగుడ్డలో చుట్టి చెత్తబుట్టలో పడేసింది. పొద్దున్న భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "ఆయనే నోరెత్తట్లేదు, కందకి లేని దురద కత్తిపీటకెందుకు? సంతకం పడేసి వచ్చెయ్" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఇంటి అప్పూ పిల్ల చదువూ ఆయన చేత అలా అనిపిస్తాయి. అయినా ఆమెకి ఒళ్ళు మండి, కలిపిన ముద్ద పళ్ళెంలోనే వదిలేసి వచ్చింది. ఇప్పుడు కడుపులో కాలుతోంది. ఆకలితో నిర్ణయాలు తీసుకోకండి అని క్లాసులో చెప్పేది కూడా తనే, భలే.

ఇన్‌స్పెక్టర్ మాత్రం తెలియనివాడా? చెప్పినవాణ్ణి కాపాడాలన్న రూలు రాసిన కమిటీలో ఆయనొకడు. ఒకప్పుడు ఆయన ఉపన్యాసం విన్నాకే ఆమె స్పానరు వదిలి ఈ కుర్చీలోకి వచ్చింది. ఇందాక ఈ బల్ల ముందు నుంచే వెళ్ళాడు, "బావున్నారా" అన్నాడు, పోస్టరు కేసి చూశాడు, బాబాయ్ కేసి చూడలేదు. రూలు రాసిన చేత్తోనే బిస్కెట్టు అందుకుని ఉంటాడు. ఫైల్లో అన్ని కాగితాలూ ఉన్నాయా, ఉన్నాయి. క్లాసు పెట్టారా, పెట్టారు. హాజరు సంతకాలున్నాయా, ఉన్నాయి. మనిషి ఉన్నాడా, అని అడిగే గడి ఆయన ఫారంలో లేదు. తలుపు అవతల మళ్ళీ నవ్వు. ఆమె కాగితాన్ని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. సంతకం పెట్టను, అనుకుంది. పెట్టకపోతే ఏమవుతుంది, రేపు ఈ కుర్చీలో ఇంకొకరు కూర్చుని పెడతారు. అయినా సరే, నా చేత్తో కాదు.

"అమ్మా, ఒక మాట."

బాబాయ్ అంత సేపటికి నోరు విప్పాడు. ఆమె వైపు తిరగలేదు, పోస్టరుతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు. "పొద్దున్న ఒకడు ఫోన్ చేశాడు. మన షెడ్డువాడే. రాత్రి చక్రం మార్చాడట. అది ఊడకుండా చివరి బిగింపు బిగించానో లేదో ఎంత తన్నుకున్నా గుర్తు రావట్లేదు బాబాయ్, విమానం వెళ్ళిపోయింది, రాయమంటావా, చెప్పమంటావా, అన్నాడు."

"ఏమన్నావు?"

"వద్దన్నాను."

ఆమెకి ఒక క్షణం అర్థం కాలేదు. వద్దన్నాడు. ఈ మనిషి. తాళం వేసి మళ్ళీ వచ్చి లాగి చూసే మనిషి. "ఏ విమానం?" అంది. "చెప్పబోయాడు" అన్నాడాయన. "చెప్పకు, నాకు తెలిస్తే నేనూ ఇరుక్కుంటాను, అన్నాను. తిరిగొచ్చాక నువ్వే ఎవరూ చూడకుండా బిగించుకో అని పెట్టేశాను. పిల్లలున్నవాడమ్మా." అప్పుడు ఆమె వైపు తిరిగాడు. మొహం మీద చెమట. "ఇందాకట్నుంచీ కూర్చోలేకపోతున్నాను."

ఆమెకి ఆయన్ని చెంప మీద కొట్టాలనిపించింది, నిజంగానే చెయ్యి లేచింది. నువ్వా, అనబోయింది, నువ్వా బాబాయ్, తడి ఒంటితో ఫోను పట్టుకున్నవాడివి. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగింది, ఎందుకంటే ఈ మాట ఆయనకి నేర్పినవాళ్ళు ఆ గదిలో బిస్కెట్లు తింటున్నారు. ఆయన్ని కొన్ని వారాల్లో ఇలా మార్చారు. ఇంత మంచి చేతినీ, ఇంత జాగ్రత్త పడే కంటినీ తీసుకుని, ఏ విమానమో చెప్పకు అనే మనిషిని తయారుచేశారు, పైగా సున్నా అని కేకు కోశారు. "చెయ్యి, ఇప్పుడే మళ్ళీ ఫోన్ చెయ్యి" అంది. ఆయన చేశాడు. చెవికి ఆనించుకుని విన్నాడు, "ఏ విమానంరా" అన్నాడు, ఆగాడు, "అది కాదురా" అన్నాడు, ఇంకా విన్నాడు. ఫోను నెమ్మదిగా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పక్కన మేడం ఉన్నారా అని అడిగాడమ్మా. తరవాత, ఏమీ లేదు బాబాయ్, అంతా బిగించాను, పొద్దున్న ఊరికే అన్నా, అన్నాడు."

ఆయన ఆ మనిషి పేరు చెప్పలేదు, ఆమె అడగలేదు. అడిగితే చెబుతాడు, చెప్పి ఇంటికెళ్ళి మళ్ళీ ఎన్నడూ ఎవరి కళ్ళలోకీ చూడలేడు. అక్కర్లేదు. రాత్రి షిఫ్టులో చక్రాలు మార్చినవి నాలుగు విమానాలు, పొద్దున రాగానే ఆమె చూసే మొదటి సంగతే అది. నాలుగూ ఆపితే అందులో అదీ ఆగుతుంది. నేల మీదున్నవి కదలకూడదు, గాల్లో ఉన్నవాటికి చెప్పి జాగ్రత్తగా దింపాలి, దిగగానే చూడాలి. ఆమె లేచింది. ఒళ్ళోని కాగితం ఎక్కడ పడిందో చూసుకోలేదు.

తలుపు తట్టలేదు. తోసింది. "ఇంకా పిలవలేదేమ్మా" అన్నాడు ఎండీ, నవ్వు దించకుండానే. ఆమె చెప్పింది, నాలుగు విమానాల నంబర్లూ, చక్రాలూ, చివరి బిగింపూ, ఊపిరి తీసుకోకుండా చెప్పింది. ఇన్‌స్పెక్టర్ కప్పు కింద పెట్టాడు. ఎండీ కుర్చీలో ముందుకి జరిగాడు.

"ఎవరు?" అన్నాడు.

"అది తరవాత. ముందు ఆపించండి."

"ఎవరో చెప్పు. వాడు పని చేసింది ఒకదాని మీదేగా, ఒకటే ఆపుతాం. నాలుగు ఆపితే ఈ రోజంతా కుప్పకూలుతుంది. ఎవరన్నారో పేరు చెప్పమ్మా."

ఆమె ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. ఆయన తన గోళ్ళు చూసుకుంటున్నాడు. కిటికీ అద్దంలోంచి షెడ్డు కనబడుతోంది, దాని పైన ఖాళీ ఆకాశం.

"నేను" అంది ఆమె. "నేనే అంటున్నాను. నా పేరు రాసుకోండి, నన్ను తీసెయ్యండి, ఏం కావాలంటే అది చేసుకోండి. ఆపండి."

ఎండీ చెయ్యి కదిలింది. ఫోను ఆ చేతి పక్కనే ఉంది. చెయ్యి దాన్ని దాటుకుని వెళ్ళి కలం అందుకుంది.

"ముందు ఫోను తియ్యరా!" అని అరిచింది ఆమె.